పిలువని పేరంటము: ఎడింబరో నగరపు వేసవి ఉత్సవములు

మనకు వేసవి యనగా తలుపులు మూసికొని నీడపట్టున గడుపు కాలము. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి, ప్రొద్దు వాలిన పిమ్మట గాని వీధిలోనికి రాము. ఉత్తర యూరపు ప్రజలకు వేసవి తలుపులు తెరచుకొని వెలుపలికి వచ్చు కాలము. స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరము 56వ ఉత్తర అక్షాంశమునకు సమీపమున నున్నది. అచ్చట డిసెంబరు నెలలో మధ్యాహ్నము నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమించును. జూన్ చివరి దినములలోనో రాత్రి పది గంటలకు గాని అస్తమింపడు. ఏడాదిలో సగము చీకటికి చెల్లించిన ప్రజలు ఆ కొద్ది మాసముల వెలుగును వృథా చేయుటకు ఇష్టపడరు. ఆ ఖండములోని పెక్కు నగరములు తమ ఉత్సవములను వేసవిలోనే జరుపుకొనుటకు ఇది యొక కారణము.

అట్టి నగరములలో ఎడింబరోకు ఒక విశిష్టస్థానము కలదు. అచ్చట ఆగస్టు మాసమున ఒక్క ఉత్సవము గాక అనేకోత్సవములు ఒక్కసారిగా జరుగును. సంగీత నాటక నృత్యములకు అంతర్జాతీయోత్సవము ఒకటి. దాని ప్రక్కనే “ఫ్రింజ్” అను పేర వెలసి, నేడు దానిని మించిపోయిన మహాసమ్మేళనము మరియొకటి. కోట ముంగిట సైనిక వాద్య ప్రదర్శనము ఇంకొకటి. ఇవి గాక పుస్తకముల పండుగ, చలనచిత్రముల పండుగ కలవు. ఆ నెలలో నగరమునకు పోవు యాత్రికునకు ఇవన్నియు అనాదిగా వచ్చుచున్న ఆచారములని తోచవచ్చును. నిజమునకు వీటిలో మొదటివి 1947వ సంవత్సరమున పుట్టినవి. దేశము విడిచి వచ్చిన ఒక కళాసేవకుని ఆలోచన, రేషను కార్డులతో బ్రదుకు వెళ్లదీయుచున్న పౌరుల ఆతిథ్యము, పిలుపు లేకనే వచ్చిన ఎనిమిది నాటక బృందముల పట్టుదల, ఈ మూడును కలిసి ఆ పండుగకు ప్రాణము పోసినవి. ఒక ఊరి పండుగ ఎవరిది? పిలిచినవారిదా, పిలువబడినవారిదా, పిలువకుండ వచ్చినవారిదా? ఈ ప్రశ్న ఆ నగరమును మొదటి యేటినుండి వెన్నాడుచునే యున్నది. ఆ కథనే మేము ఈ ప్రసంగములో చెప్పబూనితిమి.

ముందుగా ఊరిని చూతము. ఏనాడో చల్లారిన అగ్నిపర్వతపు శిలపై ఒక కోట. ఆ కోట గుమ్మమునుండి తూర్పుగా దిగివచ్చు గుట్ట వెన్నుమీద పాతపట్టణము. దాని నడివీధికి రాయల్ మైల్ అని పేరు. ఆ వీధి హోలీరూడ్ రాజప్రాసాదము కడ ముగియును. ఇరుకు సందులు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లు లేచిన రాతి మేడలు పాతపట్టణపు లక్షణములు. ఉత్తరమున కొత్తపట్టణము కలదు. జేమ్స్ క్రెయిగ్ అను వాస్తుశిల్పి వేసిన ప్రణాళికను 1767లో ఆమోదించి, తిన్నని వీధులతో, విశాలమైన చదుకములతో దానిని నిర్మించిరి. రెండు పట్టణములకు నడుమ ఒకప్పుడు మురికి చెరువు ఉండెడిది. దానిని ఎండగట్టిన చోట నేడు ఉద్యానవనములు కలవు. వాని యంచున ప్రిన్సెస్ స్ట్రీట్ అను రాజవీధి సాగుచున్నది. ఆ వీధిలో ఏ దుకాణము ముందు నిలిచి తల యెత్తినను కోట కనబడును. దేవాలయ గోపురము ఊరికెల్ల ఆనవాలైనట్లు, ఆ ఊరికి ఆ కోట ఆనవాలు.

ఇట్టి రంగస్థలము వంటి నగరము శతాబ్దముల తరబడి రంగస్థలమును దూరముగా నుంచినదనుట వింతగా నుండును. 1554లో సర్ డేవిడ్ లిండ్సే రచించిన “మూడు వర్గముల” ప్రహసనము నగరపు వెలుపల గ్రీన్‌సైడ్ మైదానమున రాజమాత ఎదుట ప్రదర్శింపబడెను. అందు ప్రభువులు, మతాచార్యులు, వర్తకులు అను మూడు వర్గముల వారికిని చురకలు తగిలినవి. ఆరేండ్లకే, 1560లో, మతసంస్కరణము వచ్చినది. నూతన మతాధికారులకు నాటకమన్నచో అనుమానము. 1736లో అలన్ రాంసే అను కవి ఒక నాటకశాలను తెరచెను. మరుసటి ఏటి చట్టమును ఆధారముగా గొని అధికారులు దానిని మూయించిరి. 1756లో జాన్ హోమ్ అను క్రైస్తవాచార్యుడు “డగ్లస్” అను విషాదాంత నాటకమును వ్రాసి ఎడింబరోలోనే ప్రదర్శింపజేసెను. ప్రేక్షకులు మెచ్చుకొనిరి గాని మతసభలు మండిపడినవి. ఆయన మరుసటి ఏట తన ఆచార్యపదవిని విడువవలసివచ్చెను. డేవిడ్ హ్యూమ్, ఆడమ్ స్మిత్ వంటి తత్త్వవేత్తలు తిరుగాడిన నగరమునకే ఇట్టి చరిత్ర కలదు. సంగీతమునకు మాత్రము కొంత సులువుగా చోటు దొరకినది. 1815లో పూర్వపు పార్లమెంటు భవనమున తొలి సంగీతోత్సవము జరిగెను. అయితే అది ఏటేట వచ్చు పండుగగా నిలువలేదు.

ఇక రుడాల్ఫ్ బింగ్ కథ. ఆయన 1902లో వియన్నాలో జన్మించెను. జర్మనీలోని సంగీతనాటకశాలలలో ఉద్యోగించుచుండగా 1933లో నాజీలు అధికారమునకు వచ్చిరి. బింగ్ యూదుడు. ఉద్యోగము పోయినది, పిమ్మట ఇంగ్లండు చేరెను. సస్సెక్స్ ప్రాంతమున జాన్ క్రిస్టీ అను భూస్వామి తన భవనపు ఆవరణలోనే 1934లో గ్లైండ్‌బోర్న్ అను సంగీతనాటకశాలను ప్రారంభించెను. బింగ్ దానికి నిర్వాహకుడయ్యెను. యుద్ధము వచ్చి ఆ శాల మూతపడగా, లండనులోని ఒక పెద్ద వస్తువిక్రయశాలలో పనిచేసి పొట్టపోసికొనెను. యుద్ధారంభ దినములలో గ్లైండ్‌బోర్న్ బృందముతో ఎడింబరోకు వచ్చినపుడు ఒక వెన్నెల రాత్రి ఆయన ప్రిన్సెస్ స్ట్రీటులో నడచుచు, క్రిస్టీ భార్యయు గాయనియు అగు ఆడ్రీ మిల్డ్‌మేతో గూడి ఆ కోటను చూచెను. కొండ, కోట, ఊరు కలిసిన ఆ దృశ్యమును చూడగా ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గు నగరము తలపునకు వచ్చుట సహజము. ఆ నగరములో 1920 నుండి వేసవి ఉత్సవములు జరుగుచుండెను. 1938లో ఆస్ట్రియా హిట్లరు వశమైన పిమ్మట అవి నాజీల చేతిలోనికి పోయినవి.

యుద్ధము ముగియవచ్చుచున్న 1944 చివర, బింగ్ లండనులో బ్రిటిష్ కౌన్సిల్ ప్రతినిధి హెన్రీ హార్వీ వుడ్ మొదలగువారితో ఈ సంగతి ముచ్చటించెను. యూరపులోని ప్రసిద్ధోత్సవ నగరములు శిథిలములైనవి, లేదా దరిద్రములో మునిగినవి. వాని స్థానమున బ్రిటనులో ఒక ఉత్సవమును నెలకొల్పవలెనని ఆయన కోరిక. గ్లైండ్‌బోర్న్ బృందమునకు మరల పని కల్పింపవలెనను వ్యవహారదృష్టియు అందు లేకపోలేదు. తొలుత ఆక్స్‌ఫర్డును ప్రయత్నించిరి, కుదురలేదు. హార్వీ వుడ్ ఎడింబరోను సూచించెను. సొగసైన ఊరు, తగిన సభాశాలలు కలవు, బాంబుల వలన పెద్దగా నష్టపడలేదు. నాటి నగరాధ్యక్షుడు సర్ జాన్ ఫాల్కనర్ ఈ మాట వినినంతనే అందుకొనెను. ఆ దేశమున నగరాధ్యక్షుని లార్డ్ ప్రొవోస్ట్ అందురు. ధనము కొంత నగరపాలక మండలియు, కొంత ఆర్ట్స్ కౌన్సిలును, కొంత దాతలును సమకూర్చిరి. గుర్రపు పందెములలో పేరుగాంచిన రోజ్‌బరీ ప్రభువు తన గుర్రము గెలిచిన సొమ్మును విరాళముగా నొసగెను.

ఆ రోజులు ఎట్టివో గుర్తు చేసికొనవలెను. యుద్ధము గెలిచిన దేశమే గాని, యుద్ధకాలమున సైతము రేషను లేని రొట్టెకు 1946 జూలై నుండి రేషను పెట్టవలసివచ్చిన దేశమది. 1947 తొలి మాసములలో మంచు కుప్పలుగా కురిసి, బొగ్గు అందక కర్మాగారములు మూతపడినవి. బట్టకు, మాంసమునకు, మిఠాయికి కూడ చీటీలు. ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత యను మన సామెత వంటి మాటలు అచ్చటను వినబడియే యుండును. ఏమైనను నగరము వెనుకాడలేదు. హోటళ్లు చాలవు గనుక పౌరులు తమ గృహములనే విడిది ఇండ్లుగా చేసి అతిథులకు గదులు ఖాళీ చేసి ఇచ్చిరి. కోటకు రాత్రివేళ దీపకాంతి పెట్టవలెనను కోరికను ఇంధనశాఖ మంత్రి షిన్‌వెల్ బొగ్గు కొరత చెప్పి తొలుత నిరాకరించెను. అప్పుడు నగరవాసులు తమ ఇండ్లకు రేషనుగా వచ్చు బొగ్గును ఇచ్చెదమని ముందుకు వచ్చిరి. ఆ మాటకు మంత్రి మెత్తబడక తప్పలేదు. కొన్ని రాత్రులు కోట వెలిగినది. ఏండ్ల తరబడి వైమానికదాడుల భయమున దీపములార్పి కూర్చుండిన ప్రజలకు అది కేవలము అలంకారము కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

1947 ఆగస్టు 24వ తేదీ ఆదివారము. సెయింట్ జైల్స్ దేవాలయమున ప్రార్థనతో ఉత్సవము ప్రారంభమయ్యెను. అషర్ హాలులో తొలి కచేరి పారిస్ నగరమునకు చెందిన కొలోన్ వాద్యబృందముది. మూడు వారముల ఆ ఉత్సవమున లండను ఓల్డ్ విక్ వారి షేక్‌స్పియరు నాటకములు, ఫ్రాన్సునుండి లూయీ జూవే బృందపు ప్రదర్శనములు, సాడ్లర్స్ వెల్స్ నృత్యనాటకము, గ్లైండ్‌బోర్న్ సంగీతనాటకములు జరిగినవి. అన్నింటికన్న మిన్నగా జ్ఞాపకముండినది వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందమును బ్రూనో వాల్టర్ నడిపిన కచేరులు.

వాల్టర్ 1876లో బెర్లినులో పుట్టిన యూదుడు. గుస్తావ్ మాహ్లర్‌కు శిష్యప్రాయుడు. మాహ్లర్ మరణానంతరము ఆయన “భూమిగీతము”ను 1911లో తొలిసారి వినిపించినవాడు ఈ వాల్టరే. 1938లో ఆస్ట్రియా హిట్లరు వశమైనపుడు ఆయనకు వియన్నాలో చోటు లేకపోయినది. అమెరికాకు వలసపోయెను. తొమ్మిదేండ్ల పిమ్మట, డెబ్బది దాటిన వయసున, తన పాత బృందమును ఆయన తిరిగి కలిసికొన్నది ఎడింబరోలోనే. ఆ సమయమున “భూమిగీతము” పాడినది కాథ్లీన్ ఫెరియర్. ఆమె లాంకషైర్ సీమలో ఒకప్పుడు టెలిఫోను ఉద్యోగిని. ఆ గీతము “ఎల్లకాలము” అను అర్థము గల ఒక్క జర్మను మాటను మరల మరల పలుకుచు క్రమముగా నిశ్శబ్దములో కలిసిపోవును. ఆ చివరి మాట వద్ద ఫెరియర్ కన్నీరు ఆపుకొనలేక స్వరము పూర్తి చేయలేకపోయినదని, ఆ పిమ్మట క్షమాపణ కోరగా వాల్టర్ ఆమెను ఓదార్చి, ఆ కన్నీటిని ఆమె కళకే నిదర్శనముగా మెచ్చుకొనెనని చెప్పుదురు. ఆరేండ్లకే, 1953లో, నలుబది యొకటవ యేట ఆమె కేన్సరు వ్యాధితో మరణించెను.

ఈ సమాగమమును చెప్పువారు సాధారణముగా ఇచ్చట ఆగిపోవుదురు. చరిత్రకారునకు ఇచ్చట ఆగుట తగదు. ఆ బృందమున అర్ధశతాబ్దికి పైగా ప్రథమ వయొలిన్ స్థానము నలంకరించిన ఆర్నోల్డ్ రోజే మాహ్లర్‌కు బావమరిది. ఆయనయు యూదుడే. 1938లో వెడలగొట్టబడి లండను చేరి, 1946 ఆగస్టులో, అనగా ఎడింబరో ఉత్సవమునకు సరిగా ఏడాది ముందు, అచ్చటనే కన్నుమూసెను. ఆయన కుమార్తె ఆల్మా, తానును వయొలిన్ విద్వాంసురాలు, 1944లో ఆష్విట్జ్ నిర్బంధశిబిరమున మరణించెను. బృందములోని యూద విద్వాంసులలో కొందరు శిబిరములలోనే నశించిరి. ఆ బృందమే 2013లో వెల్లడి చేయించిన చరిత్ర పరిశోధన ప్రకారము, 1942 నాటికి 123 మంది సభ్యులలో 60 మంది నాజీ పార్టీ సభ్యులు. కాబట్టి వాల్టర్ ఎదుట కూర్చుండిన వారందరు నిర్దోషులు కారు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినను దండము చేత బట్టెను. దానిని క్షమ యందుమా, సంగీతముపై గల మమకారమందుమా, వార్ధక్యమున పుట్టింటిపై కలుగు బెంగ యందుమా? మేము తీర్పు చెప్పజాలము. పండుగ గాయమును మాన్పదు. గాయపడినవాడును గాయపరచినవాడును ఒక్క కప్పు క్రింద కూర్చుండుటకు అది యొక చోటు కల్పించును. 1947లో యూరపున అట్టి చోట్లు ఎక్కువ లేవు.

ఇక పిలువని పేరంటపు సంగతి. ఉత్సవ నిర్వాహకులు ఫ్రాన్సునుండి, ఆస్ట్రియానుండి, లండనునుండి కళాకారులను రప్పించిరి గాని, వారి పట్టికలో స్కాట్లండు నాటక బృందము ఒక్కటియు లేదు. ఇంటివారికి పీట వేయని పెండ్లి యని స్కాటిష్ కళాకారులు నొచ్చుకొనిరి. అప్పుడు ఎనిమిది బృందములు, స్కాట్లండు నుండి ఆరు, ఇంగ్లండు నుండి రెండు, ఎవరి అనుమతియు కోరక తమ ఖర్చుతో తామే వచ్చి చిన్న శాలలను అద్దెకు తీసికొని నాటకములాడినవి. గ్లాస్గో యూనిటీ వారు గోర్కీ రచించిన “అథోలోకము”ను ఆడిరి. ఒక బృందము బొమ్మలాటను ప్రదర్శించెను. మరియొకటి ఊరికి ఆవల, డన్ఫర్మ్‌లిన్ పట్టణపు ప్రాచీన మఠమున “ఎవ్రీమన్” అను మధ్యయుగ నాటకమును వేసెను.

మన పురాణములలో పిలువని పేరంటమునకు పోయిన దాక్షాయణి కథ ఉన్నది. అవమానము, ఆత్మాహుతి, యజ్ఞధ్వంసము దాని ఫలితములు. ఎడింబరోలో కథ వేరుగా నడచినది. పిలువనివారు యజ్ఞమును చెరుపలేదు. ప్రక్కనే మరియొక వేదిక కట్టిరి. ప్రేక్షకులు రెండింటికిని వచ్చిరి. మరుసటి ఏట, 1948లో, రాబర్ట్ కెంప్ అను నాటకకర్త ఒక పత్రికలో వ్రాయుచు అధికారోత్సవపు అంచున జరుగు ఈ ప్రదర్శనములను “ఫ్రింజ్” అను మాటతో పేర్కొనెను. వస్త్రపు అంచున వ్రేలాడు కుచ్చులకు ఆంగ్లమున ఆ పేరు. ఆ పేరే స్థిరపడినది.

అధికారోత్సవమును ఆ విమర్శను పెడచెవిని పెట్టలేదు. 1948లోనే టైరోన్ గథ్రీ అను దర్శకుడు పైన చెప్పిన లిండ్సే ప్రహసనమును తిరిగి రంగమునకు తెచ్చెను. ప్రదర్శనకు అనుకూలముగా దానిని కుదించి సవరించినవాడు ఆ కెంప్ మహాశయుడే. దాదాపు నాలుగు వందల ఏండ్లుగా మూలపడియున్న ఆ నాటకమును ఆడిన స్థలము స్కాట్లండు క్రైస్తవ సంఘమువారి మహాసభా మందిరము! జాన్ హోమ్‌ను పదవినుండి తొలగునట్లు చేసిన సంఘమే, మతాచార్యులను ఎగతాళి చేయు నాటకమునకు తన మందిరపు తలుపులు తెరచినది. మూడు వైపుల ప్రేక్షకులుండగా నడుమ వేదికపై ఆడిన ఆ పద్ధతి గథ్రీకి ఎంతో నచ్చినది. 1953లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డు ఉత్సవమునకు ఆయన అట్టి వేదికనే కట్టించెను.

మూడవ ప్రశ్నయు త్వరలోనే లేచినది. టిక్కెట్టు ధర పెట్టలేని కార్మికుల మాటేమి? 1951లో కార్మిక సంఘముల తోడ్పాటుతో “ప్రజల ఉత్సవము” ఒకటి ప్రారంభమయ్యెను. జానపదగేయముల సేకర్త హామిష్ హెండర్సన్ పల్లెటూరి గాయకులను, గేలిక్ భాష పాడువారిని నగరమునకు రప్పించి ఒక రాత్రి పాటల సమావేశము జరిపెను. అమెరికను పరిశోధకుడు అలన్ లోమాక్స్ దానిని ధ్వనిముద్రణము చేసెను. స్కాట్లండున జానపద సంగీతము తిరిగి చిగిర్చుటకు ఆ రాత్రి యొక మొదలని చెప్పుట కలదు. అయితే అది కమ్యూనిస్టుల సంస్థ యను అనుమానముతో లేబర్ పార్టీ నిషేధము విధించినది. ధనము కరవై 1954తో ఆ ప్రయత్నము ముగిసినది. పండుగలు పుట్టుటే గాదు, ఇట్లు అణగిపోవుటయు చరిత్రయే.

1950లో కోట ముంగిటి మైదానమున సైనిక వాద్య ప్రదర్శనము చేరినది. దానిని “టాటూ” అందురు. ఆ మాట పుట్టుక వినసొంపైనది. పూర్వము హాలండు ప్రాంతమున శిబిరములు వేసిన సైనికులను రాత్రివేళ మరలించుటకు మద్దెలలు మ్రోగించుచు పోవువారు. పానశాలలవారు బీరు పీపాల కుళాయిలు కట్టివేయవలెనని దాని భావము. కట్టివేయుడను అర్థము గల ఆ డచ్చి పలుకే క్రమముగా “టాటూ” యైనది. నేడు ఆ చాటింపునకే వేలాది జనులు కూడుదురు. తోలుతిత్తి వాద్యముల మ్రోత కోటగోడలకు తగిలి మరలి వచ్చుచుండగా, కడపట బురుజుపై ఒంటరిగా నిలిచిన ఒక వాద్యకారుడు వినిపించు రాగముతో సభ ముగియును.

1960లో మరియొక మలుపు వచ్చినది. కుచ్చులకు పేరు పెరుగుట చూచి, అధికారోత్సవ నిర్వాహకులే నలుగురు యువకులచే “బియాండ్ ది ఫ్రింజ్” అను హాస్యప్రదర్శనము వేయించిరి. అలన్ బెన్నెట్, పీటర్ కుక్, జానథన్ మిల్లర్, డడ్లీ మూర్ ఆ నలుగురు. ఆంగ్ల హాస్యమునకు అది కొత్త దారి చూపినది. 1966లో టామ్ స్టాపర్డ్ అను అజ్ఞాత యువకుని నాటకమును విద్యార్థులు ఫ్రింజ్‌లో ఆడగా అది లండను పెద్ద రంగస్థలమునకు పోయి ప్రపంచప్రసిద్ధి నందినది. పిలువనివారికి పీట వేయుట వలన కలిగిన లాభములకు ఇవి రెండు ఉదాహరణములు.

మన శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పదగిన సంవత్సరము 1963. నాటి ఉత్సవాధిపతి హేర్‌వుడ్ ప్రభువు భారతీయ సంగీత నృత్యములకు విశేషస్థానము కల్పించెను. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, శ్రీమతి బాలసరస్వతి ఆ యేట ఎడింబరో వేదికల నెక్కిరి. సుబ్బులక్ష్మి త్యాగరాజస్వామి తెలుగు కృతులను ఇంటింట వినిపించిన గాయని. బాలసరస్వతి క్షేత్రయ్య పదములకు అభినయము పట్టుటలో సాటి లేనిది. కావేరీ తీరమున తెలుగు పలుకుతో పెంపొందిన సంగీత నృత్య సంప్రదాయములకు స్కాట్లండు కోట నీడన పీట వేసిన సంవత్సరమది.

నేడు ఆగస్టు మాసమున ఆ నగరమునకు పోవు యాత్రికునకు ఏమి కనబడును? రాయల్ మైల్ వీధిలో గారడీవారు, పాటకులు, వేషములతోనే తమ నాటకముల కరపత్రములు పంచు నటులు ఎదురగుదురు. దేవాలయపు వెనుకశాల, బడిలోని తరగతిగది, నేలమాళిగ, పానశాల మేడగది, ఏదైనను నాటకశాలయే. ఆదివారము గాని దినములలో మధ్యాహ్నము ఒంటిగంటకు కోటపైనుండి ఫిరంగి మ్రోగును. 1861 నుండి వచ్చుచున్న ఆచారమది. దానికి కొత్తవారు ఉలికిపడుదురు, ఊరివారు గడియారము సరిచూచికొందురు. చార్లెట్ చదుకమున 1983లో మొదలైన పుస్తకముల పండుగలో గ్రంథకర్తలను దగ్గరనుండి చూడవచ్చును. ఆటల నడుమ ఊపిరి పీల్చుకొనవలెనన్నచో 251 మీటర్ల ఎత్తుగల ఆర్థర్స్ సీట్ కొండ నెక్కి సముద్రపాయను చూడవచ్చును. ఉన్నికోటును మాత్రము మరువరాదు. “హార్” అను సముద్రపు మంచుతెర ఎండను క్షణములో మ్రింగివేయును.

ఎనిమిది బృందములతో మొదలైన ఫ్రింజ్ 2019లో 3,841 ప్రదర్శనములకు పెరిగినది. ముప్పది లక్షలకు మించి టిక్కెట్లు జారీ యైనవి. సుమారు ఐదు లక్షల జనాభా గల ఊరిలో ఇది సామాన్యము కాదు. ఎవరిని రానీయవలెను, ఎవరిని రానీయరాదని నిర్ణయించు అధికారము తనకు లేదనుట ఫ్రింజ్ సంఘపు మూలసూత్రము. శాల యజమాని ఒప్పుకొన్నచో ఎవరైనను ఆడవచ్చును. 2020లో కరోనా మహమ్మారి వలన ఈ వేసవి ఉత్సవములు, పుట్టిన పిమ్మట మొదటిసారిగా, నిలిచిపోయినవి. తిరిగి వచ్చినవి గాని పాత చిక్కులు మరింత పదునై వచ్చినవి. ఆగస్టులో ఇంటి అద్దెలు ఆకాశమునంటును. పేద నటునకు వేదిక దొరకినను తల దాచుకొన చోటు దొరకుట కష్టము. ఊరివారిలో కొందరికి తమ ఊరే విడిదియై, తామే పరాయివారమైతిమను బాధ కలదు. 2022 ఆగస్టులో ఉత్సవము నడుమ పారిశుద్ధ్య కార్మికులు కూలి పెంపునకు సమ్మె చేయగా, ప్రఖ్యాత వీధులలో చెత్త గుట్టలుగా పేరుకొనినది. వేడుక వెనుక ఎవరి చెమట ఉన్నదో యాత్రికులు ఆ పండ్రెండు దినములలో కన్నులార చూచిరి. 2025 జనవరిలో నగరపాలక మండలి యాత్రికుల బసపై నూటికి ఐదు వంతుల సుంకమును ఆమోదించి, 2026 జూలై 24 నుండి అమలు చేయ నిర్ణయించెను. ఆ ధనమును నగర సౌకర్యములకు వినియోగింపవలెనని ఉద్దేశము.

మొదట వేసిన ప్రశ్నకు మరల వత్తము. పిలిచినవారు లేనిచో వాల్టర్ వచ్చియుండడు. బొగ్గు ఇచ్చెదమన్న గృహస్థులు లేనిచో కోట వెలిగియుండదు. పిలువకుండ వచ్చిన ఎనిమిది బృందములు లేనిచో అది మరియొక గొప్పవారి ఉత్సవమై, నాలుగేండ్లకు చల్లబడియుండెడిదేమో! అద్దెలు పెరిగి, పిలువనివారు రాలేని దినము వచ్చినచో ఆ పండుగకు లోటు ధనములో గాక ప్రాణములో కలుగును. అతిథి యనగా తిథి నియమము లేక వచ్చువాడని మన పెద్దలు చెప్పిరి. ఎడింబరోకు పోవు మనవారు పెద్ద శాలల కచేరులకు తప్పక పోవలెను. వానితోపాటు ఏ సందులోనో, పదిమంది ప్రేక్షకులకై ఆడుచున్న పేరెరుగని బృందము ఎదుటను ఒక సాయంకాలము కూర్చుండవలెనని మా మనవి. 1947లో ఆ పండుగకు రెండవ తలుపు తెరచినవారు అట్టివారే.